ముందు తీగ, తర్వాతే యూనిట్

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇక్కడికి దగ్గర్లో ఒక చర్చి మూసేస్తూ సామాను అమ్మేస్తుంటే 1970ల నాటి క్లిప్ష్ లా స్కాలా స్పీకర్ల జత కొన్నాను. ఒక దాంట్లో ట్వీటర్ (సన్నటి పై శబ్దాలు పలికే యూనిట్) పలకడం లేదు. రెండో దాంట్లో బేస్ వచ్చినప్పుడల్లా గరగరమంటోంది. చెక్క మీద ఎవరో లేత గోధుమరంగు పెయింట్ కొట్టారు. లోపలున్నవన్నీ పీకేసి కొత్త క్రాసోవర్లు (శబ్దాన్ని విడదీసి ఏ యూనిట్‌కి ఏది వెళ్ళాలో పంచే సర్క్యూట్లు), కొత్త ట్వీటర్లు, కొత్త వూఫర్లు (బేస్ పలికే యూనిట్లు) వేసేయమని నా స్నేహితుడు అంటున్నాడు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. ఇంజనీరింగ్ ల్యాబ్ తర్వాత సోల్డరింగ్ ఐరన్ మళ్ళీ పట్టుకోలేదు. రెండు నెలల్లో నాన్నగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు. ఆయనకి ఘంటసాల అంటే ప్రాణం. ఆయన వచ్చేసరికి ఇవి బాగా పాడాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు? తర్వాత ఎప్పుడైనా అమ్మాల్సివస్తే విలువ పోకుండా ఉంటుందా?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

సమాధానం: ముందుగా ఒక మాట. ఇంకా ఏమీ ఆర్డర్ పెట్టకపోతే, పెట్టకండి. మీరు చెప్పిన రెండు జబ్బులకీ చాలాసార్లు కారణం చిన్నదే అవుతుంది. ఒక మల్టీమీటర్, ఒక టార్చిలైటు, మంచి స్క్రూడ్రైవర్ల సెట్ ఉంటే ఈ శని, ఆదివారాల్లోనే సగం సంగతి తేలిపోతుంది.

మా నాన్నకి గుడివాడ దగ్గర మైక్ సెట్లు అద్దెకిచ్చే షాపు ఉండేది. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, ఎన్నికల జీపులు, అన్నిటికీ ఆయన హారన్లే వెళ్ళేవి. పందిట్లోంచి "హారన్ పలకట్లేదు" అని కబురొస్తే నేను వెంటనే కొత్త యూనిట్ సంచిలో వేసుకునేవాణ్ణి. ఆయన దాన్ని తీయించేసి, చేతికి టెస్టర్ ఇచ్చి, "ముందు తీగ, తర్వాతే యూనిట్" అనేవారు. వెళ్ళి చూస్తే పదింట ఏడుసార్లు కొబ్బరిచెట్టు మీద వైరు తెగడమో, టెర్మినల్ దగ్గర చిలుము పట్టడమో జరిగేది. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఈ పనిలోనే ఉన్నాను. ఇక్కడ హ్యూస్టన్‌లో మా గరాజ్‌లో నా సొంత లా స్కాలా జతని బాగుచేసుకున్నప్పుడు కూడా అదే వరస పాటించాను. మీకూ అదే చెబుతున్నాను.

మీ చేతికి వచ్చినవి ఏమిటో తెలిస్తే వాటిని విప్పేటప్పుడు చెయ్యి కాస్త జాగ్రత్తగా కదులుతుంది. పాల్ క్లిప్ష్ ఆర్కన్సా రాష్ట్రంలోని హోప్ అనే చిన్న ఊళ్ళో 1946లో కంపెనీ పెట్టాడు. మీ దగ్గర్నుంచి ఐ-30 మీద మూడున్నర గంటల దారి. ఆయన పరికరాలతో ఒక మ్యూజియం కూడా ఉంది, నాన్నగారితో ఒక రోజు వెళ్ళి రావచ్చు. ఆయన మొదటి స్పీకర్ క్లిప్ష్‌హార్న్, గది మూలలో పెడితేనే పూర్తిగా పలుకుతుంది. లా స్కాలా 1963లో వచ్చింది. పేరు మిలాన్‌లోని ఒపేరా హౌస్‌ది, పుట్టింది మాత్రం ఎన్నికల ప్రచారం కోసం. ఆర్కన్సా గవర్నర్ పదవికి పోటీచేసిన విన్‌త్రాప్ రాక్‌ఫెల్లర్ సభల్లో మాట వినిపించడానికి, అటూ ఇటూ మోసుకెళ్ళేలా దీన్ని తయారుచేశారు. ఎన్నికల జీపు మీద హారన్లు కట్టిన ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి, ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలా సంతోషమేసింది. ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఇందులో మధ్య స్థాయి శబ్దాన్ని పలికించే డ్రైవర్, కె-55-వి, అట్లాస్ కంపెనీవాళ్ళు చేసింది. సభల్లో వాడే హారన్ యూనిట్ల జాతే అది. రామాలయం మీది హారన్ వెనక మరతో బిగించే యూనిట్ ఎలా ఉంటుందో ఇదీ అలాగే హారన్ గొంతుకి మరతోనే బిగుస్తుంది.

హారన్ పనిచేసే తీరు మనకి కొత్తకాదు. పొలం గట్టు మీద నిలబడి అవతలి చేలో ఉన్న మనిషిని పిలవాలంటే రెండు అరచేతులూ నోటి చుట్టూ పెట్టుకుంటాం. గొంతు అంతే, బలం అంతే, కేక మాత్రం రెట్టింపు దూరం పోతుంది. చిన్న డయాఫ్రమ్ (యూనిట్‌లో అదిరే పలచటి పొర) కదిపిన గాలిని హారన్ కొంచెం కొంచెంగా వెడల్పు చేస్తూ గదిలోకి వదులుతుంది కాబట్టి శక్తి వృథా కాదు. మామూలు స్పీకర్లో మనం ఇచ్చే కరెంటులో నూటికి ఒక వంతు కూడా శబ్దంగా మారదు. లా స్కాలా ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో సుమారు 104 డెసిబెల్స్ పలుకుతుంది. 86 డెసిబెల్స్ ఇచ్చే చిన్న స్పీకర్‌తో అంత శబ్దం రావాలంటే దాదాపు 63 వాట్లు కావాలి. ఈ లెక్కని బట్టి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇందులో డయాఫ్రమ్‌లు చాలా కొద్దిగానే కదులుతాయి, అందుకే యాభై ఏళ్ళయినా బతికి ఉంటాయి. రెండు, చిన్న లోపం కూడా పెద్దగా వినబడుతుంది. యాంప్లిఫయర్‌లో సన్నటి హిస్ ఉన్నా, ఒక స్క్రూ వదులైనా ఇవి దాచిపెట్టవు.

ఇక పనిలోకి. ఒక్కో పెట్టె బరువు 55 కిలోల దాకా ఉంటుంది. మీరొక్కరే ఎత్తకండి, నడుం పట్టేస్తుంది. ఇద్దరు కలిసి, కింద దుప్పటి పరిచి, పని చేసే చోటికి ఒక్కదాన్నే తీసుకెళ్ళండి. రెండోదాన్ని ముట్టుకోవద్దు. ఏ వైరు ఎక్కడ ఉండాలో సందేహం వస్తే వెళ్ళి చూసుకోవడానికి అది మీకు నమూనా. విప్పే ముందు ఫోన్‌లో ఫోటోలు తీయండి, ప్రతి వైరుకీ మాస్కింగ్ టేప్ చుట్టి పేరు రాయండి. యాంప్లిఫయర్ ఆఫ్ చేయకుండా ఏ వైరూ పీకవద్దు, పెట్టవద్దు. ఇంత సున్నితమైన స్పీకర్‌కి ఒక్క "టప్" చాలు, ట్వీటర్ కాలిపోవడానికి.

ట్వీటర్ పలకని పెట్టెతో మొదలుపెట్టండి. పై గదిలో వెనకవైపు నుంచి చూస్తే పెద్ద లోహపు హారన్ కనిపిస్తుంది, దాని వెనక గుండ్రటి కె-55, పక్కన చెక్క పలక మీద బిగించిన క్రాసోవర్. ట్వీటర్‌ని కె-77 అంటారు. దాని వైరు ఒకటి క్రాసోవర్ నుంచి విడదీసి, మల్టీమీటర్‌తో ఓమ్స్ (నిరోధం) చూడండి. ఐదారు ఓమ్స్ చూపిస్తే లోపలి కాయిల్ (తీగచుట్ట) బతికే ఉంది. మీటర్ ఏమీ చూపించకపోతే కాయిల్ కాలిపోయింది. చర్చిలో వాడారంటున్నారు కదా, మైకు కూత పెట్టినప్పుడు ముందు పోయేది ట్వీటరే. వైరు విడదీయకుండా మాత్రం కొలవకండి. ముఖ్యంగా మధ్య డ్రైవర్ దగ్గర, దానికి అడ్డంగా ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ ఉంటుంది కాబట్టి దాదాపు సున్నా చూపిస్తుంది. "అయ్యో, షార్ట్ అయిపోయింది" అని కంగారుపడి మంచి యూనిట్‌ని తీసేసినవాళ్ళని చూశాను. వైరు విడదీసి కొలిస్తే కె-55 పది, పదకొండు ఓమ్స్ దగ్గర ఉంటుంది, వూఫర్ మూడున్నర దగ్గర.

ట్వీటర్ కాయిల్ బాగానే ఉండి కూడా శబ్దం రావట్లేదంటే క్రాసోవర్ మీద అనుమానం. 1970ల జతల్లో ఎక్కువగా టైప్ ఏఏ అనే క్రాసోవర్ ఉంటుంది, స్టిక్కర్ మీద రాసి ఉంటుంది చూడండి. స్క్రూలతో బిగించే టెర్మినల్ పట్టీ ఉంటుంది దానికి. ఒక్కో స్క్రూ విప్పి, వైరు చివరి లగ్‌ని (స్క్రూ కింద బిగించే లోహపు కొసని) వేలితో మెల్లగా లాగి చూడండి. పైకి గట్టిగా కనిపించే లగ్ లోపల వైరు పురిపురిగా విడిపోయి ఉంటుంది. చిలుము పడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నూలు గుడ్డతో తుడవండి, స్క్రూ మళ్ళీ బిగించండి. ఇంతదాకా పైసా ఖర్చు లేదు. నా జతలో ఎడమవైపు పెట్టెకి ఇంతే, ఒక లగ్ మార్చాను, పలికింది.

అప్పటికీ పలకకపోతే, టైప్ ఏఏలో ట్వీటర్‌కి అడ్డంగా రెండు జీనర్ డయోడ్లు ఉంటాయి. ఎక్కువ వోల్టేజి వస్తే ట్వీటర్ కాలకుండా అవి కాచుకుంటాయి. అవే షార్ట్ అయితే ట్వీటర్ మూగబోతుంది. వాటి ఒక చివర విడదీసి, వాల్యూమ్ బాగా తగ్గించి విని చూడండి. శబ్దం వచ్చిందంటే దొంగ దొరికినట్టే. కాయిల్ నిజంగానే కాలిపోయి ఉంటే డయాఫ్రమ్ ఒక్కటే కొత్తది వేసుకోవచ్చు, లేదా అదే మోడల్ పాత ట్వీటర్ వెతుక్కోవచ్చు. కె-77 ఎలక్ట్రో వాయిస్ కంపెనీ టి-35కి తోబుట్టువు కాబట్టి సరుకు దొరకడం కష్టంకాదు. మార్చితే రెండింటికీ ఒకేసారి మార్చండి. ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ అయితే పాట ఒకవైపుకి లాగుతుంది.

ఇప్పుడు క్రాసోవర్‌లోని కెపాసిటర్లు, మా నాన్న తరం మెకానిక్కులు కండెన్సర్లు అనేవాళ్ళు. ఇక్కడ మీ స్నేహితుడి మాటలో కొంత నిజముంది. ఇవి రేకు డబ్బాల్లో నూనె నింపి చేసినవి. యాభై ఏళ్ళకి లోపలి నిరోధం పెరిగిపోతుంది, దాంతో పై శబ్దాలు మందంగా, మబ్బు పట్టినట్టు ఉంటాయి. మల్టీమీటర్‌తో మైక్రోఫారడ్లు కొలిచి "సరిగ్గానే ఉంది" అనుకోకండి, ఆ లోపం మామూలు మీటర్‌కి దొరకదు. ఇన్నేళ్ళ జత కాబట్టి వీటిని మార్చేయమనే నేనూ చెబుతాను. మధ్య డ్రైవర్‌కి 13 మైక్రోఫారడ్లది ఒకటి, ట్వీటర్‌కి 2 మైక్రోఫారడ్లవి రెండు, ఇలా ఒక్కో పెట్టెకి మూడు. (పాత టైప్ ఏ అయితే ట్వీటర్‌కి ఒక్కటే.) అదే విలువ, 250 వోల్టులు లేదా అంతకన్నా ఎక్కువ తట్టుకునే పాలిఎస్టర్ లేదా పాలిప్రొపిలీన్ రకం తీసుకోండి. పాలిప్రొపిలీన్‌తో ట్వీటర్ ఒక పిసరు ఎక్కువ మెరుస్తుంది. పాత మోనో పాటలు వినేవారికి పాలిఎస్టరే నాకు హాయిగా అనిపించింది. ఒక్కోటి వందల డాలర్లు పలికే కెపాసిటర్ల జోలికి వెళ్ళవద్దు, ఆ డబ్బుతో నాన్నగారికి టికెట్‌లో మంచి సీటు వస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఆ పాత డబ్బాలను కోయవద్దు, చిల్లులు పెట్టవద్దు. ఆ కాలంలో కొన్ని నూనె కెపాసిటర్లలో పీసీబీ అనే విష రసాయనం వాడేవాళ్ళు, అమెరికాలో దాని తయారీని 1979లో నిషేధించారు. డబ్బా కారుతున్నట్టు కనిపిస్తే గ్లవ్స్ వేసుకుని తీసి, ప్లాస్టిక్ సంచిలో మూసి, మీ ఊళ్ళో ప్రమాదకరమైన చెత్త తీసుకునే కేంద్రంలో ఇవ్వండి. చెత్తబుట్టలో వేయకండి. పిల్లల చేతికి అందనివ్వకండి.

సోల్డరింగ్ రాదని టెన్షన్ పడుతున్నారు. పాత వైరు ముక్కలు ఇరవై తీసుకుని ఒక సాయంత్రం అతికించి చూడండి. సీసం ముద్దని వేడి మొన మీద కరిగించి జాయింట్ మీద పూయకూడదు. మొనతో జాయింట్‌నే వేడెక్కించి, సీసాన్ని ఆ జాయింట్‌కి తాకించాలి. అది తనంతట తాను పాకి, మెరుస్తూ నిలిస్తే మంచి జాయింట్. బూడిదరంగులో ముద్దలా ఉంటే మళ్ళీ చేయాలి. ఇరవైలో చివరి ఐదూ మెరిశాయంటే స్పీకర్ దగ్గరికి వెళ్ళవచ్చు.

క్రాసోవర్ మీద టి2ఏ అని ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాన్ని మాత్రం మార్చకండి, అది పాడవడం చాలా అరుదు. మధ్య హారన్ శబ్దాన్ని వూఫర్‌తో సమానం చేసేది అదే. దాని ట్యాపుల్లో (వైరు కలిపే చోట్లలో) ఒక్కో మెట్టు దిగితే 3 డెసిబెల్స్ తగ్గుతుంది. గొంతు మరీ ముందుకొస్తోందని కొందరు 4వ ట్యాప్ నుంచి 3కి మారుస్తారు. అలా మారిస్తే కథ అక్కడితో ఆగదు. 16 ఓమ్స్ డ్రైవర్ 4వ ట్యాప్ మీద కెపాసిటర్‌కి 32 ఓమ్స్‌లా కనిపిస్తుంది, 13 మైక్రోఫారడ్లతో కలిసి 400 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తుంది, అంటే అంతకన్నా కింది శబ్దాలను ఆ డ్రైవర్‌కి పెద్దగా పోనివ్వదు. 3వ ట్యాప్‌లో అదే డ్రైవర్ 64 ఓమ్స్ అవుతుంది, గీత 200కి జారిపోతుంది, చిన్న డయాఫ్రమ్ మీద మోయలేని బరువు పడుతుంది. ట్యాప్ మారిస్తే కెపాసిటర్‌ని సగం చేయాలి. అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. అందుకే "అన్నీ పీకేసి కొత్తవి వేసేయ్" అన్న సలహా నాకు నచ్చదు. ఒక్కో మార్పు చేసి, రెండు రోజులు విని, తర్వాత ఇంకొకటి చేస్తే ఏది ఏం చేసిందో మీకు తెలుస్తుంది. ఒకేసారి ఆరు మారిస్తే, బాగోలేకపోయినా కారణం ఏదో పట్టుకోలేరు.

గరగరమనే పెట్టె సంగతి చూద్దాం. టార్చిలైటు పట్టుకుని బేస్ హారన్ నోట్లోకి రెండు వైపులా చూడండి. నా జతలో ఒక పెన్సిలు, రెండు హెయిర్‌పిన్నులు, మడతపెట్టిన కాగితం దొరికాయి. ఆ కాగితమే కొన్ని స్వరాల దగ్గర ఈగ తిరిగినట్టు చప్పుడు చేసేది. అవేమీ లేకపోతే, ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, వాల్యూమ్ తక్కువలో, 40 హెర్ట్జ్ నుంచి 200 దాకా మెల్లగా పెంచుకుంటూ వెళ్ళండి. ఎక్కడ గరగర మొదలైందో కాగితం మీద రాసుకోండి. ఆ స్వరాన్ని అలాగే మోగనిస్తూ, అరచేత్తో పెట్టె పక్కలు, పైన, టెర్మినళ్ళ దగ్గర ఒక్కోచోట నొక్కండి. ఎక్కడ నొక్కితే ఆగిందో జబ్బు అక్కడే. చాలాసార్లు వదులైన స్క్రూనో, పక్క పలక అతుకో అవుతుంది.

అలా దొరక్కపోతే పెట్టెని తలకిందులు చేయాలి. వూఫర్ ఉన్న లోపలి గదికి దారి అడుగు పలక నుంచే. స్క్రూలన్నీ ఉన్నాయా, బిగువుగా ఉన్నాయా చూడండి. ఆ గది గాలి చొరకుండా మూసి ఉండాలి. అంచున ఉన్న పాత గ్యాస్కెట్ ఎండి పొడిపొడిగా రాలిపోతే, బేస్‌తో పాటు గాలి "ఉస్స్" మంటూ బయటికి వస్తుంది. హార్డ్‌వేర్ షాపులో తలుపులకి అతికించే ఫోమ్ పట్టీ దొరుకుతుంది, కణాలు మూసుకుపోయి ఉన్న రకం తీసుకుని వేయండి. ఈ పనికే నా జతలో బేస్ అంతకుముందు లేని బిగువుతో వచ్చింది.

పలక తీసిన తర్వాత వూఫర్ చూడండి. మీకో శుభవార్త, కె-33 వూఫర్ చుట్టూ ఉండేది ఫోమ్ కాదు, గుడ్డ. ఫోమ్ అంచులైతే ఇన్నేళ్ళకి పొడైపోయేవి, ఈ గుడ్డ అంచు మాత్రం అలాగే ఉంటుంది. వూఫర్‌ని బయటికి తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతుల వేళ్ళతో కోన్‌ని సమంగా, మెల్లగా నొక్కండి. నిశ్శబ్దంగా వెళ్ళి వస్తే కాయిల్ బాగుంది. ఇసుక మీద కాలు ఈడ్చినట్టు వినిపిస్తే కాయిల్ రాసుకుంటోంది. అలాంటిదైతే రీకోనింగ్ (కోన్, కాయిల్ కొత్తవి వేయడం) చేసేవాళ్ళకి ఇవ్వండి. దొరికింది కదా అని ఏదో ఒక 15 అంగుళాల వూఫర్ పెట్టేయకండి. ఆ గది కొలత, ముందున్న సన్నటి చీలిక, హారన్ మలుపు, ఇవన్నీ ఈ వూఫర్‌కి లెక్కవేసి కట్టినవి. వేరేది పెడితే బేస్ లొడలొడమంటుంది.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి, మీరు చేయకూడదని. మధ్య డ్రైవర్‌ని హారన్ నుంచి మర తిప్పి విడదీసి, బల్ల మీద నోరు పైకి పెట్టాను. పక్కనే కూర్చుని టెర్మినళ్ళ చిలుముని స్టీల్ ఊల్‌తో రుద్దుతున్నాను. కంటికి కనబడని సన్నటి ఇనుప నూగు రాలుతోందని ఆలోచించలేదు. అయస్కాంతం దాన్నంతా తనలోకి లాక్కుంది. మళ్ళీ బిగించి పాట పెడితే ప్రతి "స"కారం దగ్గర గొంతు జీరపోయినట్టు వచ్చింది. విప్పి చూస్తే డ్రైవర్ గొంతు లోపల నల్లటి మీసంలా ఇనుప పోగులు నిలబడి ఉన్నాయి. డయాఫ్రమ్ విప్పి, మాస్కింగ్ టేప్‌ని సన్నగా మడిచి, ఆ సందులోకి దించి, తీసి, మళ్ళీ కొత్త ముక్క దించి, ఇలా రెండు రాత్రులు పట్టింది. మీరు డ్రైవర్ విప్పిన మరుక్షణం దాని నోటికి టేప్ వేసేయండి. స్టీల్ ఊల్, ఆకురాయి, డ్రిల్లు ఉన్న గదిలోకి అయస్కాంతాలను తీసుకురావద్దు. తిరిగి బిగించేటప్పుడు గొంతు దగ్గరి గ్యాస్కెట్ చిట్లి ఉంటే మార్చండి, చేత్తో బిగువుగా తిప్పితే చాలు.

లోహపు హారన్‌ని వేలి కణుపుతో తడితే గంటలా మోగుతుంది. దానికి డ్యాంపింగ్ షీట్ అంటించమని చాలామంది చెబుతారు. నేనూ అంటించాను, తేడా కొంచెమే. ఊడదీయగలిగే పని కాబట్టి తప్పు లేదు, అవసరమని మాత్రం అనను. పక్క పలకలు పెద్ద శబ్దానికి అదురుతాయన్నది నిజమే, ముప్పావు అంగుళం ప్లైవుడ్ అది. ఇంట్లో వినే శబ్దానికి దాని గురించి ఆలోచించక్కర్లేదు.

పెయింట్ సంగతి చివరికి వదిలేయండి. శబ్దం సరిగ్గా వచ్చాక చేతికి కొంచెం ఓపిక వస్తుంది. చర్చివాళ్ళు ఎప్పుడు వేశారో తెలియదు కాబట్టి, గీకేముందు సీసం ఉందేమో పరీక్షించే కిట్ కొని చూడండి. ఇళ్ళకి వేసే పెయింట్లలో సీసాన్ని అమెరికాలో 1978లో ఆపేశారు, అంతకుముందరి పెయింట్‌ని ఎవరైనా వాడి ఉండవచ్చు. లేదని తేలితే, చేత్తో, సన్న ఇసుక కాగితంతో మాత్రమే రుద్దండి. అది బర్చ్ ప్లైవుడ్, పైపొర చాలా పలచన, మెషీన్ పెడితే నిమిషంలో కింది పొర బయటపడుతుంది. రుద్దే రోజున డ్రైవర్లు, వూఫర్, క్రాసోవర్ అన్నీ బయట, వేరే గదిలో ఉండాలి. నిజం చెప్పాలంటే నేనైతే ఆ లేత గోధుమరంగుని కొన్నాళ్ళు అలాగే ఉంచుతాను. అది ఆ స్పీకర్లు ఎక్కడ పనిచేశాయో చెప్పే గుర్తు.

అమ్మితే విలువ పోతుందా అన్నారు. తీసిన ప్రతి పాత భాగాన్ని, కారని కెపాసిటర్లతో సహా, పేరు రాసి ఒక అట్టపెట్టెలో దాచండి. వెనక ఉన్న సీరియల్ నంబర్ కాగితం మీద పెయింట్ గానీ నీళ్ళు గానీ పడనివ్వకండి. కొనేవాళ్ళు అడిగేది ఇవే. చెక్కకి కొత్త చిల్లులు పెట్టనంతవరకు లోపల మీరు చేసిన ఏ పనినైనా వెనక్కి తీసుకోవచ్చు.

గదిలో రెండూ మూలలకి దగ్గరగా పెట్టి, కూర్చునే చోటువైపు కొద్దిగా తిప్పండి. కూర్చునేది కనీసం ఎనిమిది, పది అడుగుల దూరంలో ఉండాలి. దగ్గరైతే మూడు హారన్లూ మూడు చోట్ల నుంచి విడివిడిగా వినిపిస్తాయి, కలవవు. 50 హెర్ట్జ్ కింద ఇందులో పెద్దగా ఏమీ లేదు, కొత్త సినిమాల బేస్ కావాలంటే సబ్‌వూఫర్ తోడు పెట్టుకోవాల్సిందే. యాంప్లిఫయర్ పెద్దది అక్కర్లేదు, నిశ్శబ్దంగా ఉండేది కావాలి. పాట ఆపేసి చెవి ట్వీటర్ దగ్గర పెట్టి వినండి, హిస్ మీరు కూర్చునే చోటిదాకా వస్తుంటే ఆ యాంప్లిఫయర్ వీటికి సరిపోదు.

ఇక ఘంటసాల గారి సంగతి. 400 నుంచి 6,000 హెర్ట్జ్ దాకా, అంటే మనిషి గొంతులో మాటని మాటగా, గమకాన్ని గమకంగా నిలబెట్టే భాగాన్నంతా ఇందులో ఒక్క డ్రైవరే పాడుతుంది. మామూలు స్పీకర్లలో చాలావాటికి గొంతు మధ్యలోనే ఒక డ్రైవర్ నుంచి ఇంకో డ్రైవర్‌కి చేతులు మారుతుంది. ఇక్కడ మారదు. పైగా 1950, 60ల మన పాటలు మోనోలో, గొంతుని ముందు నిలబెట్టి రికార్డు చేసినవి. మొదటిసారి మా గరాజ్‌లో ఆయన పద్యం పెట్టినప్పుడు, రాగం తీసే ముందు ఆయన తీసుకున్న ఊపిరి వినబడింది. అంతకుముందు ఆ పద్యాన్ని కొన్ని వందలసార్లు విన్నాను, ఆ ఊపిరి ఎప్పుడూ వినలేదు.

రెండు పెట్టెలూ పలికాక సరిచూసుకోవడానికి కూడా ఆ పాటలే మంచివి. రెండింటినీ పక్కపక్కన ఆనించి పెట్టి మోనో పాట వేయండి. గొంతు సరిగ్గా మధ్యలో నిలబడాలి. ఒకవైపు ఒరిగితే ఆ రెండో వైపు కెపాసిటరో, లగ్గో ఇంకా సరికాలేదు. మధ్యలో లేకుండా గదంతా చెదిరినట్టుంటే ఒక పెట్టెలో ప్లస్, మైనస్ తిరగబడ్డాయి, మీరు తీసిన ఫోటోలు చూసుకోండి. నాన్నగారిది పెద్ద వయసు కాబట్టి శబ్దం తక్కువలోనే ఉంచండి, వీటికి తక్కువలోనే నిండుదనం ఉంది.

ఈ ఆదివారం మూడు సంగతులు చూసి నాకు రాయండి. పలకని ట్వీటర్ ఓమ్స్ ఎంత, క్రాసోవర్ మీద ఏ టైప్ అని రాసి ఉంది, గరగర ఏ హెర్ట్జ్ దగ్గర మొదలైంది. అవి చూశాక ఏమేం ఆర్డర్ పెట్టాలో చెబుతాను. అప్పటిదాకా మీ స్నేహితుడు పంపిన ఆ కొనుగోలు జాబితాని పక్కన పెట్టండి.